పాస్, ఫెయిల్ తప్ప గీతలు చూపించని మెషీన్లు: స్పెక్ట్రోస్కోపీ ఎక్కడ మొదలైంది, ఎటు పోతోంది?

బ్యాచ్‌నంబర్ (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీ క్యూసీలో, అంటే సరుకు నాణ్యత పరీక్షించే విభాగంలో, 11 ఏళ్లుగా పని చేస్తున్నాను. ముందు పోయిన వారం జరిగింది చెప్పి, తర్వాత ప్రశ్న అడుగుతాను.

ముడిసరుకు వచ్చినప్పుడు మా దగ్గర ప్రతి డ్రమ్మునూ చేతిలో పట్టుకునే రామన్ మెషీన్‌తో, అంటే లేజర్ వేసి చెదిరి వచ్చే కాంతిని బట్టి పదార్థాన్ని గుర్తుపట్టే దానితో, చెక్ చేస్తారు. డ్రమ్ము మూత తీసి, లోపలి పాలిథిన్ కవరుకే మెషీన్ మూతి ఆనించి బటన్ నొక్కాలి. కాసేపటికి తెర ఆకుపచ్చగా మారి 'పాస్' అని పడుతుంది, లేదా ఎర్రగా మారి 'ఫెయిల్' అని పడుతుంది. ఆ రోజు సెల్యులోజ్ పొడి కొత్త సప్లయర్ నుంచి వచ్చింది. వరసగా 3 డ్రమ్ములు ఎరుపు. కొత్తగా చేరిన కుర్రాడికి చెమటలు పట్టాయి. "సార్, సరుకు మార్చేశారు" అంటూ పరుగెత్తుకొచ్చాడు.

నేను వెళ్లి మెషీన్‌లో స్పెక్ట్రమ్, అంటే ఏ రంగు కాంతి ఎంత వచ్చిందో చూపే గీత, తెరిచాను. సెల్యులోజ్ పీకులన్నీ, అంటే ఆ గీతలో లేచే శిఖరాలన్నీ, ఎక్కడివక్కడే ఉన్నాయి. కాకపోతే వాటి కింద బేస్‌లైన్, అంటే చదునుగా ఉండాల్సిన అడుగు గీత, కొండలా లేచింది. అది ఫ్లోరసెన్స్, అంటే లేజర్ పడితే పదార్థమే సొంతంగా వెలగడం. ఈ పొడితో లేజర్ కింద మామూలుగా వచ్చే తలనొప్పే. ల్యాబుకు పంపి ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) స్పెక్ట్రమ్ తీయిస్తే సరుకు శుభ్రంగా ఉంది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ ఎర్ర తెర కాదు. ఆ తెర వెనక ఒక స్పెక్ట్రమ్ ఉంటుందనీ, దాన్ని తెరిచి చూడొచ్చనీ ఆ కుర్రాడికి తెలియదు. ఎమ్మెస్సీ చదివినవాడు. "ఇది లోపల ఏం చూస్తుంది సార్?" అని అడిగాడు. నాకు తోచింది చెప్పాను గానీ, మొదటి నుంచి కథలా చెప్పలేకపోయాను.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కాంతిని విడదీసి ఈ గీతలు చూడటం, అంటే స్పెక్ట్రోస్కోపీ, ఎలా మొదలైంది? ముందు ముందు మనం గీతలు చూసే పనే ఉండదా?

అడ్డగోలు (సోమవారం, రాత్రి 10:05)

చూడాల్సిన అవసరం ఏముందండీ? మిక్సీ లోపల మోటారు ఎలా తిరుగుతుందో తెలుసుకునే మా ఆవిడ పచ్చడి రుబ్బుతోందా? ఆకుపచ్చ వస్తే లోపలికి, ఎరుపు వస్తే వెనక్కి. అంతే.

బ్యాచ్‌నంబర్ (సోమవారం, రాత్రి 10:11)

ఆ లెక్కన మంచి సరుకు 3 డ్రమ్ములు వెనక్కి పోయేవి కదండీ. మిక్సీ అబద్ధం చెప్పదు. ఇది చెప్తుంది, అదీ గొప్ప ధైర్యంగా.

వాల్తేరు_మాస్టారు (మంగళవారం, ఉదయం 6:20)

బ్యాచ్‌నంబర్ గారూ, మంచి ప్రశ్న. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చదివి, 30 ఏళ్లకు పైగా కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నిద్ర పట్టదు, ఓపిక ఉంది. చెప్తాను.

అందరూ న్యూటన్ పట్టకంతో మొదలెడతారు. నన్నడిగితే అసలు కథ మొదలయ్యేది అద్దాలు చేసే ఒక పనివాడి దగ్గర. జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్, బవేరియావాడు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయారు. మ్యూనిక్‌లో అద్దాల పని నేర్చుకుంటుంటే 1801లో ఆ ఇల్లు కూలింది. శిథిలాల కింద నుంచి బతికి బయటపడ్డాడు. తర్వాత టెలిస్కోపు కటకాలు చేసే కంపెనీలో చేరాడు. అక్కడ అతనికి ఒక చిక్కు వచ్చింది. గాజు ఒక్కో రంగును ఎంత వంచుతుందో కచ్చితంగా కొలవాలి. కానీ 'పసుపు' అంటే ఏ పసుపు? ఇంద్రధనస్సులో రంగుకూ రంగుకూ మధ్య గట్టు ఉండదు కదా.

1814లో పట్టకం ముందు సన్నటి చీలిక పెట్టి, వెనక టెలిస్కోపు పెట్టి సూర్యకాంతిని చూశాడు. రంగుల పట్టీ మీద నల్ల గీతలు! 500కు పైగా లెక్కపెట్టాడు. ఇంగ్లండులో వోలాస్టన్ 1802లోనే కొన్ని చూశాడు గానీ, వాటిని రంగుల మధ్య హద్దులనుకుని వదిలేశాడు. ఫ్రాన్‌హోఫర్ వదల్లేదు. అవి ఎందుకు వస్తున్నాయో అతనికీ తెలియదు. కానీ చోటు మారకుండా ఉన్నాయి. అతనికి కావలసిందీ అదే, పొలానికి సర్వే రాళ్లు ఉన్నట్టు. ముఖ్యమైనవాటికి అక్షరాలు పెట్టాడు. మనం ఇప్పటికీ సోడియం 'డి గీతలు' అంటామే, ఆ 'డి' అతను పెట్టిందే.

అంటే స్పెక్ట్రోస్కోపీ పుట్టింది పదార్థాల గుట్టు తెలుసుకోవడానికి కాదు. మంచి కటకం అమ్ముకోవడానికి. ఈ మాట మా విద్యార్థులకు చెప్తే భలే సంబరపడేవారు.

ఆ గీతల అర్థం చెప్పింది హైడల్‌బెర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్. 1859లో కిర్కాఫ్ సూర్యకాంతిని ఉప్పు వేసిన మంట గుండా పంపాడు. డి గీత దగ్గర వెలుగు పూడుతుందనుకుంటే, గీత ఇంకా నల్లబడింది. మంటలో సోడియం ఏ రంగును వెదజల్లుతుందో, ఎక్కువ వేడి మీద నుంచి వచ్చే కాంతిలో అదే రంగును మింగేస్తుంది. అంటే సూర్యుడి మీద సోడియం ఉంది! నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని ఫ్రాన్సులో కోమ్ట్ అనే తత్వవేత్త 1835లో రాశాడు. పాతికేళ్లు కూడా నిలవలేదు ఆ మాట.

బున్సెన్ అక్కడితో ఊరుకున్నాడా? మినరల్ వాటర్ 40 టన్నులకు పైగా మరిగించి, మిగిలినదాంట్లో ఎవరూ చూడని నీలం గీతలు పట్టుకుని, 1860లో సీసియం అన్నాడు. మరుసటి ఏడు ఎర్ర గీతలతో రుబీడియం. రెండింటికీ పేర్లు గీతల రంగు నుంచే వచ్చాయి.

సెకండియర్_బీఎస్సీ (మంగళవారం, ఉదయం 8:02)

మాస్టారూ, సూపర్. ఒక డౌట్. హీలియంను 1868లో గుంటూరులో కనిపెట్టారని మా ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ వస్తూ ఉంటుంది. నిజమేనా? మాది తెనాలి, కాబట్టి నిజమైతే బాగుండు.

చుక్కలపిచ్చి (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. సగం నిజం అమ్మా. ఆ సగం కూడా ఫార్వర్డులో ఉన్న సగం కాదు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగా పోయింది. చంద్రుడు దగ్గరగా ఉండటంతో గ్రహణం బాగా ఎక్కువసేపు ఉంది. స్పెక్ట్రోస్కోపు చేతికొచ్చాక దొరికిన మొదటి పెద్ద గ్రహణం కూడా అదే. అందుకే యూరప్ వాళ్లు ఎగబడ్డారు. గుంటూరులో ఫ్రెంచివాడు జూల్ జాన్సెన్, అదే ఊళ్లో బ్రిటిష్ వాళ్లు టెన్నెంట్ బృందం. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్. అదే అబ్జర్వేటరీలో పని చేసే చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లాడు. ఒక్క గ్రహణానికి మన ఊళ్లు ఇన్ని.

సూర్యుణ్ణి చంద్రుడు కప్పగానే అంచున ఎర్రటి జ్వాలలు కనిపిస్తాయి. వాటి మీదికి స్పెక్ట్రోస్కోపు తిప్పితే వెలుగు గీతలు వచ్చాయి. అంటే అవి వేడెక్కి వెలిగే వాయువు. హైడ్రోజన్ గీతలు పోల్చుకున్నారు. వాటితో పాటు ఒక పసుపు గీత. చాలామంది అది సోడియం డి అనుకున్నారు. పోగ్సన్ మాత్రం 'డి దగ్గర, లేదా డి పక్కన' అన్నట్టు అనుమానంగా రాశాడు. సోడియం డి గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర. ఆ కొత్త గీత 587.6 దగ్గర. తేడా ఒకటిన్నర నానోమీటరు కూడా లేదు, అదీ గ్రహణం నడిచే ఆ కొద్ది నిమిషాల్లో, కళ్లతో!

జాన్సెన్ గొప్పతనం ఆ గీత కాదు. గ్రహణం అయిపోతుంటే, ఈ గీతలు ఇంత జోరుగా ఉన్నాయి కదా, గ్రహణం లేకుండా కూడా చూడొచ్చేమో అనుకున్నాడు. మర్నాడు, 19న ఉదయం గుంటూరులో మామూలు ఎండలోనే చూసేశాడు. ఎలాగంటే, ఆకాశం వెలుగు అన్ని రంగుల కలగలుపు, దాన్ని పట్టకాలతో పరిచినకొద్దీ పలచబడుతుంది. జ్వాల వెలుగు ఒకే రంగు గీత, అది పలచబడదు. మజ్జిగలో ఎన్ని నీళ్లు పోసినా మజ్జిగ పలచనవుతుంది గానీ, అందులో ఆవగింజ ఆవగింజలాగే ఉంటుంది. అలాగన్నమాట.

ఇదే పని లండన్‌లో నార్మన్ లాకియర్ అక్టోబరు 20న సొంతంగా చేశాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరాయట. ఇద్దరి బొమ్మలతో కలిపి పతకం కొట్టించారు. ఆ పసుపు గీత సోడియానిది కాదు, భూమ్మీద తెలిసిన దేనిదీ కాదు అని పట్టుబట్టింది, హీలియం అని పేరు పెట్టింది లాకియర్ వైపు. జాన్సెన్ కొత్త మూలకం అని ఎక్కడా అనలేదు. భూమ్మీద అది దొరికింది 1895లో, రామ్సే ఒక యురేనియం ఖనిజాన్ని యాసిడ్‌లో వేసినప్పుడు. అంతవరకూ చాలామంది కెమిస్టులు లాకియర్‌ను నమ్మలేదు.

కాబట్టి మీ ఫ్యామిలీ గ్రూపులో ఇలా పెట్టు: 'గ్రహణం లేకుండా సూర్యుడి జ్వాలలు చూడటం గుంటూరులో మొదలైంది. హీలియం గీతను ఆంధ్ర తీరంలో చూశారు, పోల్చుకోలేదు.' ఎవరూ ఫార్వర్డ్ చేయరులే.

మిర్చి460 (మంగళవారం, సాయంత్రం 6:48)

గుంటూరు మాట వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నా. మా ల్యాబు మిర్చి యార్డుకు దగ్గర. రోజూ గీత చూడను గానీ, రోజూ ఒకే ఒక్క తరంగదైర్ఘ్యం చూస్తాను: 460 నానోమీటర్లు.

ఎక్స్‌పోర్టు మిరపకాయకు రంగు విలువ ఉంటుంది. ఆస్టా అంటారు, అమెరికా మసాలా వర్తకుల సంఘం పద్ధతి. కారం పొడి 70 నుంచి 100 మిల్లీగ్రాములు తూచి, 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో వేసి, అసిటోన్ మార్కు దాకా పోసి, బిగించి కుదిపి, 16 గంటలు చీకట్లో పెడతాం. మర్నాటికి పైన తేరిన ఎర్రటి ద్రావణాన్ని కువెట్ అనే చిన్న గాజు పాత్రలోకి వంచి 460 దగ్గర అబ్జార్బెన్స్, అంటే కాంతిని ఎంత మింగిందన్న అంకె, చదువుతాం. దాన్ని 16.4తో, మెషీన్ కరెక్షన్ అంకెతో హెచ్చవేసి, తూచిన గ్రాములతో భాగిస్తే ఆస్టా. 90 మిల్లీగ్రాములకు 0.55 వచ్చిందనుకోండి, కరెక్షన్ 1 అయితే ఆస్టా 100. బ్యాడిగి రకానికి ఎక్కువ వస్తుంది, తేజకు అంత రాదు. తేజను కొనేది రంగు కోసం కాదు, నాలుక మీద నిప్పు కోసం.

ఇంత సులువు కాబట్టే ఇంత మోసం. ఆ 0.55 రంగు మిరపదో, ఎవరైనా కలిపిన రంగుదో 460కి తెలియదు. 2003లో ఫ్రాన్సులో మన దేశం నుంచి వెళ్లిన కారం సరుకుల్లో సూడాన్ 1 అనే రంగు పట్టుకున్నారు, దాని దెబ్బకు యూరప్ మొత్తం ప్రతి లోడుకూ టెస్టు సర్టిఫికెట్ అడిగింది. ఆ రంగు కూడా అటూ ఇటూగా అక్కడే కాంతిని మింగుతుంది. దాన్ని పట్టాలంటే ముందు హెచ్‌పీఎల్‌సీ అనే, కలిసిన పదార్థాలను వేరు చేసే మెషీన్‌లో విడదీయాలి. ఒక్క అంకె చూసి సరుకు గురించి మాట్లాడకూడదని మా సీనియర్ ఒకాయన కొత్తవాళ్లందరికీ మొదటి రోజే చెప్పేవాడు.

బ్యాచ్‌నంబర్ (మంగళవారం, రాత్రి 9:30)

మిర్చి460 గారూ, మీరు మొత్తం స్పెక్ట్రమ్ గీయించరా? మీ యూవీ మెషీన్ స్కాన్ చేస్తుంది కదా.

మిర్చి460 (మంగళవారం, రాత్రి 9:52)

చేస్తుంది. టైముండదు. సీజన్లో రోజుకు ఎన్ని శాంపిళ్లో మీకు తెలియదు. కానీ మీరన్నాక ఇవాళ ఒకటి స్కాన్ వేశాను. 460 దగ్గర భుజం ఎత్తిన గుట్ట. చాలా రోజులైంది చూసి.

వాల్తేరు_మాస్టారు (బుధవారం, ఉదయం 5:55)

చీకట్లో 16 గంటలు అంటే నాకు మా డార్క్‌రూమ్ గుర్తొచ్చింది. వాల్తేరులో స్పెక్ట్రోస్కోపీకి పునాది వేసింది కోచెర్లకోట రంగధామరావు గారు. నేను చేరేనాటికే ఆయన పేరు డిపార్టుమెంటులో పెద్దల మాటల్లో వినపడే పేరు. ఆయన చేతుల మీదుగా, ఆయన శిష్యుల చేతుల మీదుగా దేశమంతా ల్యాబులు లేచాయి. అక్కడే ఉన్న ఇంకో పెద్దాయన సూరి భగవంతం గారు, అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లివారు, రామన్ శిష్యుడు. ఆ రామన్ కూడా చిన్నతనంలో విశాఖలోనే చదువుకున్నాడు, తండ్రి ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. తమిళుడే అయినా ఇసుక, సముద్రం మనవే చూశాడు అని మేం గొప్పలు చెప్పుకునేవాళ్లం.

ఇప్పుడు బ్యాచ్‌నంబర్ గారి కుర్రాడు బటన్ నొక్కితే వచ్చేది ఆ రామన్ ఎఫెక్టే. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో అది స్పష్టంగా పట్టుబడినప్పుడు వాడింది మెర్క్యురీ దీపం, ఒక చిన్న స్పెక్ట్రోస్కోపు, కళ్లు. లేజర్ అప్పటికి లేదు, ఇంకా 32 ఏళ్లుంది. ద్రవంలోకి ఒకే రంగు పంపితే చెదిరి వచ్చిన కాంతిలో అతి కొద్ది భాగం వేరే రంగులో వస్తుంది. అణువు ఆ తేడాను తన కంపనానికి దాచుకుంటుంది. ఆ తేడాయే ఆ అణువు వేలిముద్ర. ఫోటో ప్లేటు మీద పట్టాలంటే గంటలు, ఒక్కోసారి రోజులు ఎక్స్‌పోజర్ ఇవ్వాల్సి వచ్చేది.

మా రోజుల్లోనూ ప్లేటే. స్పెక్ట్రోగ్రాఫ్‌లో ప్లేటు పెట్టి, దాని మీద పక్కనే ఐరన్ ఆర్క్, అంటే ఇనుప కడ్డీల మధ్య కరెంటుతో పుట్టించే మెరుపు, స్పెక్ట్రమ్ కూడా తీసేవాళ్లం. ఇనుము గీతలు వేలకొద్దీ, అన్నీ కొలిచి పెట్టినవి. మనకు తెలియని గీత ఏ ఇనుము గీతకు దగ్గరో చూసి దాని చోటు రాసుకోవాలి. ఒకసారి రాత్రంతా ఎక్స్‌పోజ్ చేసిన ప్లేటును డెవలపర్‌లో ముంచబోతుంటే ఎవరో తలుపు తీశారు. మొత్తం నల్లబడింది. ఆ తలుపు తీసినాయనను నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

ఎందుకు చెప్తున్నానంటే, అప్పుడూ ఇప్పుడూ స్పెక్ట్రోస్కోపు చేసేది ఒకటే పని: పోల్చడం. మేం ఇనుముతో పోల్చాం. మీ మెషీన్ లోపల ముందే దాచిన స్పెక్ట్రమ్‌ల లైబ్రరీతో పోలుస్తుంది. పోల్చడానికి పక్కన ఏం పెట్టారన్నదే అసలు విషయం.

రాచెస్టర్_చలి (బుధవారం, సాయంత్రం 7:10)

మాస్టారు గారికి నమస్కారాలు. మాది అనంతపురం, ఉండేది న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్. కటకాల ఊరు ఇది. మీలో 40 దాటినవాళ్లు కాలేజీలో 'స్పెక్ట్రానిక్ 20' అనే బూడిదరంగు డబ్బా చూసే ఉంటారు, ఎడమవైపు నాబ్, పైన ముల్లు ఊగే మీటరు. అది ఈ ఊరి సరుకే. 1953లో బాష్ అండ్ లాంబ్ వాళ్లు తెచ్చారు.

దానికి ముందు 1941లో కాలిఫోర్నియాలో బెక్‌మన్ 'డీయూ' అనే, కాంతిని ఎంత మింగిందో కొలిచే మెషీన్ వచ్చింది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద మలుపు అదే అనిపిస్తుంది. ఫ్రాన్‌హోఫర్ నుంచి మాస్టారి ప్లేటు దాకా 'ఎక్కడ' అన్నదే ప్రశ్న. డీయూ వచ్చాక 'ఎంత' అన్నది కూడా గంటల్లో కాక నిమిషాల్లో తేలింది. యుద్ధకాలంలో విటమిన్ ఏ ఎంతుందో తేల్చాలంటే అంతకుముందు ఎలుకలకు వారాలకొద్దీ తినిపించి చూసేవారు. ఇందులో కువెట్ పెట్టి నాబ్ తిప్పితే సరిపోయింది. అయితే ఒక్కో తరంగదైర్ఘ్యానికీ చేత్తో తిప్పి, ముల్లు సున్నాకు తెచ్చి, అంకె రాసుకోవాలి. స్పెక్ట్రమ్ కావాలంటే గ్రాఫ్ పేపరు మీద మీరే చుక్కలు కలపాలి.

ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ కథ కూడా చెప్పుకోవాలి. మెల్‌బోర్న్‌లో 1952లో ఓ ఆదివారం తోటపని చేసుకుంటుంటే తట్టిందట. అందరూ మంటలో మూలకం వెదజల్లే వెలుగును కొలుస్తున్నారు, అది మింగే వెలుగును ఎందుకు కొలవకూడదు? అటామిక్ అబ్జార్ప్షన్ అలా వచ్చింది. కిర్కాఫ్ 1859లో చూసిందే, కొలతకు పనికొస్తుందని తట్టడానికి 90 ఏళ్లకు పైగా పట్టింది.

ఇక ముందు సంగతి. నేను చేసేది చిప్ మీద స్పెక్ట్రోమీటర్. అందులో గ్రేటింగ్, అంటే కాంతిని రంగులుగా విడదీసే సన్న గీతల పలక, ఉండదు. సెన్సరు మీద పదుల, వందల చిన్న ఫిల్టర్లు, ఒక్కోటి ఒక్కో రకంగా రంగుల్ని వడగడుతుంది. వచ్చిన అంకెల నుంచి అసలు స్పెక్ట్రమ్ ఎలా ఉండి ఉంటుందో లెక్క కట్టి బయటికి తీస్తాం. అంటే మీరు చూసే గీత నిజంగా విడదీసిన గీత కాదు, లెక్క తేల్చిన గీత. ఫోనులో పట్టేంత చిన్నది, చవక. అడ్డగోలు గారికి ఇది సంతోషం కలిగించే వార్త. నాకు మాత్రం మాస్టారు చెప్పిన మాటే రాత్రిళ్లు గుర్తొస్తుంది. మా లెక్కకు కాలిబ్రేషన్ అప్పుడు, అంటే తెలిసిన వెలుగులతో సరిచూసి నేర్పేటప్పుడు, చూపించని రకం వెలుగు వస్తే, అది కూడా ఏదో ఒక అందమైన స్పెక్ట్రమ్ తీసి చూపిస్తుంది. నాకు తెలియదు అని చెప్పడం దానికి నేర్పడం చాలా కష్టం.

మిర్చి460 (బుధవారం, రాత్రి 8:25)

ఇది నాకు జరిగింది. ఒక కొనుగోలుదారు చేత్తో పట్టుకునే నియర్ ఇన్‌ఫ్రారెడ్ మెషీన్ తెచ్చి బస్తాలో గుచ్చినట్టు ఆనించి తేమ 10 శాతం అన్నాడు. మా ఓవెన్‌లో ఎండబెట్టి తూస్తే 13. ఆ మెషీన్ తప్పు కాదు. దాన్ని ఎండాకాలం సరుకుతో నేర్పారు. నీళ్లు చల్లిన సరుకుంటుందని దానికి ఎవరూ చెప్పలేదు. మన యార్డులో అది రోజూ ఉండేదే కదా!

డ్యూటీ_నర్సు (బుధవారం, రాత్రి 11:40)

నేను ఫిజిక్స్ మనిషిని కాదు, నైట్ డ్యూటీలో ఇది చదువుతున్నా. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా మీ లెక్కల్లోకే వస్తుందా?

2021లో కోవిడ్ సెకండ్ వేవ్‌లో మా వార్డులో ఒక పెద్దాయన, ఎండలో పని చేసిన మనిషి, నల్లటి చేతులు. ఆక్సీమీటర్ 94 చూపిస్తోంది. ఆయన మాత్రం మాట మధ్యలో ఊపిరి అందక ఆగుతున్నాడు. నాకు ఆ అంకె నమ్మబుద్ధి కాలేదు. డాక్టరు గారిని లేపి ధమని రక్తం తీయించి ఏబీజీ, అంటే రక్తంలో ఆక్సిజన్‌ను నేరుగా కొలిచే పరీక్ష, చేయిస్తే బాగా తక్కువ వచ్చింది. అప్పటి నుంచి ముందు ఊపిరి లెక్కపెట్టి, తర్వాత అంకె చూస్తాను.

రాచెస్టర్_చలి (గురువారం, ఉదయం 6:30)

నర్సమ్మ గారూ, అది నూటికి నూరు పాళ్లు ఈ లెక్కల్లోదే. ఎర్ర వెలుగు 660, కంటికి కనపడని 940 నానోమీటర్లు, రెండే రెండు. ఆక్సిజన్ పట్టుకున్న రక్తం ఎరుపును తక్కువ మింగుతుంది, పట్టుకోనిది ఎక్కువ. జపాన్‌లో తకువో అయోయాగి 1970ల మొదట్లో వేరే పని మీద ఉంటే, నాడి కొట్టుకోవడం వల్ల వచ్చే ఊగు ఆయన కొలతను పాడు చేస్తోంది. ఆ ఊగునే వాడుకుంటే చర్మం, ఎముక పక్కకు పోయి ధమని రక్తం ఒక్కటే తేలుతుందని గ్రహించాడు.

కానీ ఆ రెండు అంకెల నిష్పత్తి నుంచి '94' రావడానికి మధ్యలో ఒక పట్టిక ఉంది. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల మీద కొలిచి తయారు చేసిన పట్టిక. ఆ వాలంటీర్లలో ఎవరున్నారో దాన్ని బట్టే అంకె. 2020లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, ఆక్సీమీటర్ బాగుందని చూపించినా రక్తంలో ఆక్సిజన్ పడిపోయి ఉండటం నల్లజాతి రోగుల్లో తెల్లవారి కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనబడింది. మీరు ఆ రాత్రి చేసింది స్పెక్ట్రోస్కోపీలో అన్నిటికన్నా పాత పని. అంకెను నమ్మక పక్కన ఇంకోటి పెట్టి చూశారు.

అడ్డగోలు (గురువారం, ఉదయం 9:00)

సరే, నర్సమ్మ గారి మాటకు నేను తగ్గుతున్నాను. కానీ ఒకటి. లాకియర్ పక్కన పోల్చడానికి ఏమీ లేకపోతే 'కొత్త మూలకం' అన్నాడు, నెగ్గాడు. మీ పోలిక సిద్ధాంతం అక్కడ ఏమైంది? ధైర్యం చేసినవాడే గెలిచాడుగా?

చుక్కలపిచ్చి (గురువారం, మధ్యాహ్నం 12:50)

భలే పట్టుకున్నారు. జవాబు మరుసటి ఏడాదే ఉంది.

1869లో అమెరికాలో గ్రహణం. ఈసారి కరోనాలో, అంటే సూర్యుడి చుట్టూ కనిపించే ఆ తెల్లటి వెలుగులో, 530.3 నానోమీటర్ల దగ్గర ఒక ఆకుపచ్చ గీత. దేనితోనూ సరిపోలేదు. హీలియం ఊపు మీద దీన్ని కూడా కొత్త మూలకం అన్నారు, పేరు 'కరోనియం'. మెండెలీవ్ అంతటివాడు హైడ్రోజన్ కంటే తేలికైన మూలకంగా దానికి తన పట్టికలో చోటు ఆలోచించాడు. 70 ఏళ్లు అలాగే ఉంది. చివరికి గ్రోట్రియన్, ఎడ్లెన్ అనే ఇద్దరు తేల్చారు, 1940 అటూ ఇటూ. అది ఇనుము! మామూలు ఇనుము కాదు, 13 ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము. ల్యాబులో మాస్టారి ఐరన్ ఆర్క్‌లో ఆ గీత ఎప్పటికీ రాదు. అన్ని ఎలక్ట్రాన్లు ఊడాలంటే 10 లక్షల డిగ్రీలకు పైన ఉండాలి. సూర్యుడి ఉపరితలం 6 వేల డిగ్రీల లోపు. పైనున్న కరోనా అంత వేడి ఎందుకన్నది ఆ గీత లేవదీసిన ప్రశ్న, ఇంకా పూర్తిగా తేలలేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1లో కరోనాను చూసే పరికరం పట్టుకునే గీతల్లో ఆ 530.3 ఒకటి.

కాబట్టి అడ్డగోలు గారూ, అదే ధైర్యం, అదే పద్ధతి. ఒకరు మూలకం కనిపెట్టారు, ఇంకొకరు లేనిదాన్ని కనిపెట్టారు. గీత మాత్రం రెండుసార్లూ నిజమే. గీతను దాచి పేరొక్కటే చెప్పే మెషీన్ అప్పుడుండి ఉంటే, 70 ఏళ్ల తర్వాత వెనక్కి వెళ్లి మళ్లీ చూడటానికి ఎవరికీ ఏమీ మిగిలేది కాదు.

అడ్డగోలు (గురువారం, మధ్యాహ్నం 1:04)

🙏 ఓకే.

బ్యాచ్‌నంబర్ (గురువారం, రాత్రి 9:15)

చుక్కలపిచ్చి గారూ, ఈ చివరి మాటతో నాకు పని కుదిరింది. మా ఎస్‌ఓపీలో, అంటే పని ఎలా చేయాలో రాసిన పత్రంలో, ఇప్పటిదాకా పాస్, ఫెయిల్ ప్రింటు ఒక్కటే ఫైల్ చేయాలని ఉంది. ఫెయిల్ వచ్చిన ప్రతి డ్రమ్ముకూ స్పెక్ట్రమ్ కూడా జత చేసి, రిఫరెన్స్ పక్కన పెట్టి చూసి సంతకం చేయాలని మార్పు రాశాను. ఆ పత్రాలు ఆమోదించే క్యూఏ వాళ్లు "పేజీలు పెరుగుతాయి" అంటున్నారు. చూడాలి.

అన్నట్టు ఒక చిన్న సంగతి. మా ఐఆర్‌లో బ్యాక్‌గ్రౌండ్, అంటే శాంపిల్ లేని ఖాళీ కొలత, సరిగా తీయకపోతే 2349 తరంగసంఖ్య (అంటే 4.3 మైక్రాన్ల) దగ్గర జంట పీకు వస్తుంది. మెషీన్ ముందు నిలబడి మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ అది. "మూతి అటు తిప్పి మాట్లాడు" అని ట్రైనీలను రోజూ తిడతాను. అదే గీతను 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు వేరే నక్షత్రం చుట్టూ తిరిగే వాస్ప్ 39బి అనే గ్రహం వాతావరణంలో పట్టిందని చదివాను, సుమారు 700 కాంతి సంవత్సరాల దూరంలో. ఆ రోజు ఎవరినీ తిట్టలేదు.

సెకండియర్_బీఎస్సీ (శుక్రవారం, సాయంత్రం 7:45)

నేను స్పెక్ట్రోస్కోపు చేశా!! అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్ద అట్టపెట్టె, ఒకవైపు రెండు బ్లేడు ముక్కలతో చీలిక, ఇంకోవైపు పాత సీడీ ముక్క ఏటవాలుగా. సీడీ మీద గీతల మధ్య దూరం 1.6 మైక్రాన్లని మా మేడం చెప్పారు, అంటే మిల్లీమీటరుకు 625 గీతలు.

మెట్ల దగ్గర పాత సీఎఫ్ఎల్ బల్బు: ఆకుపచ్చ గీత ఒకటి సూదిలా, నీలం ఒకటి, నారింజ వైపు కొన్ని. హాల్లో ఎల్ఈడీ బల్బు: గీతల్లేవు, రంగులన్నీ కలిసిపోయి, నీలం దగ్గర ఒక ముద్ద. అమ్మ వండుతుంటే చారు పొంగి స్టవ్ మీద పడింది, మంట పసుపు అయింది. వెంటనే పెట్టె పెట్టి చూశా. ఒకే ఒక్క పసుపు గీత. అమ్మ స్టవ్ కట్టేసింది, రెండోసారి చూడలేకపోయా.

మాస్టారూ, సోడియం గీతలు రెండు కదా? నాకు ఒకటే కనిపించింది. తప్పు చేశానా?

వాల్తేరు_మాస్టారు (శనివారం, ఉదయం 5:40)

తప్పు చేయలేదమ్మా. రెండిటి మధ్య ఎడం 0.6 నానోమీటర్లే. నీ చీలిక వెడల్పుకు రెండూ కలిసిపోయాయి. బ్లేడులు ఇంకా దగ్గరికి జరుపు, వెలుగు తగ్గుతుంది, భయపడకు. సీడీ బదులు డీవీడీ ముక్క పెట్టు, దాని గీతలు 0.74 మైక్రాన్ల ఎడంతో రెండింతలు దగ్గరగా ఉంటాయి. డీవీడీని అంచు దగ్గర పొరలుగా చీల్చాలి, చేతులు జాగ్రత్త. అప్పటికీ విడిపోకపోవచ్చు, విడిపోకపోతే అది కూడా రాసి పెట్టుకో.

సీఎఫ్ఎల్‌లో ఆ సూదిలాంటి ఆకుపచ్చ పాదరసానిది, 546. నీలం 436. పెట్టెలో చిన్న స్కేలు అతికించి ఆ రెండు గీతలూ స్కేలు మీద ఎక్కడ పడ్డాయో గుర్తు పెట్టుకుంటే, మధ్యలో వచ్చే దేన్నయినా కొలవగలవు. మాకు ఐరన్ ఆర్క్ ఎలాగో నీకు ఆ మెట్ల బల్బు అలాగ. దాన్ని ఎవరూ మార్చి ఎల్ఈడీ పెట్టకుండా చూసుకో.

సెకండియర్_బీఎస్సీ (శనివారం, ఉదయం 7:12)

నాన్న ఆల్రెడీ కొత్త ఎల్ఈడీ కొనుక్కొచ్చారు. సీఎఫ్ఎల్ విప్పి నా గదిలో దాచేశా.